అరగంట ఏ ఒడ్డున ఇవ్వాలి

కార్మిక శాఖలో కొత్తగా ఇన్‌స్పెక్టరుగా చేరిన ఒక అమ్మాయి ఈ మధ్య బ్రూక్షాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. నేను అదే ఉద్యోగం చేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. "అంకుల్, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. "చెప్పులు చూడటం," అన్నాను. ఆమె మర్యాదగా నవ్వి, టీ తాగి, వెళ్ళిపోయింది. పెద్దాయనకు మతి తప్పిందని అనుకుని ఉంటుంది.

ఆమె కోసమే ఇది రాస్తున్నాను. ఆ పిల్ల తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. ఈ దీవుల్లో పుట్టిన పిల్లలు చాలామంది అంతే. వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. కాబట్టి అమ్మా, మీకు కూడా నమస్కారం. మధ్యలో పొయ్యి మీద కూర ఉంటే లేచి చూసుకోండి. విశ్రాంతి గురించి రాస్తూ మిమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టడం బాగుండదు.

నా ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

చట్టం చెప్పేది

చట్టం చదవడానికి ఒక మధ్యాహ్నం చాలు. మనిషి చేత ఏకధాటిగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. ఆలోపు కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. రోజుకూ వారానికీ పని గంటలకు హద్దు ఉంది, దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలి. వారానికొక సెలవు ఉండాలి. పాలిచ్చే తల్లికి ఆ అరగంట కాక, బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు విడిగా సమయం ఇవ్వాలి. చట్టాల పేర్లు మారుతుంటాయి, సెక్షన్ల నంబర్లు మారుతుంటాయి. మా ఊరి పేరే మారింది, నోరింకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటోంది. మీ కాలంలో ఏ పుస్తకం చెల్లుతుందో అది చదువుకోండి. ఐదు గంటలు నిలబడితే కాళ్ళు లాగడం మాత్రం ఏ సవరణలోనూ మారలేదు.

నా ఉద్యోగంలో ఏ యజమానీ "నేను విశ్రాంతి ఇవ్వను" అనలేదు. అందరూ "ఇస్తున్నాం కదా" అనే అన్నారు. ఆ ఇస్తున్నది ఏమిటో చూడటమే మన పని. మిగతాదంతా స్టేషనరీ.

మూసిన షట్టరు ముందు చెప్పులు

మా దగ్గర సూర్యుడు తొందరగా లేస్తాడు, తొందరగా పడుకుంటాడు. గడియారం మాత్రం మెయిన్‌లాండుది. అందుకని మధ్యాహ్నం బజారులో చాలా దుకాణాలు షట్టరు దించేస్తాయి. యజమానులు ఇంటికెళ్ళి భోంచేసి ఒక కునుకు తీస్తారు. ఇది మంచి ఆచారం. నేను దీన్ని విమర్శించను, నేనూ తీశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అలా దించిన ఒక బట్టల షాపు షట్టరు ముందు ఆడవాళ్ళ చెప్పులు వరసగా కనిపించాయి. షాపు మూస్తే చెప్పులు ఎందుకుంటాయని వంగి షట్టరు ఎత్తాను. లోపల సేల్స్ అమ్మాయిలు చీరలు మడతపెడుతున్నారు. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"దుకాణ్ బంద్ హై, సాబ్."

"మరి వీళ్ళేం చేస్తున్నారు?"

"ఆరామ్ చేస్తన్నారు సాబ్."

ఒక అమ్మాయి చేతినిండా చీరలతో నిచ్చెన మీద ఉంది. "ఆ అమ్మాయి కూడా ఆరామ్ చేస్తోందా?" అని అడిగాను. అతను పైకి చూసి కాస్త ఆలోచించాడు. "అక్కడ ఫ్యాను గాలి బాగా తగుల్తాది సాబ్," అన్నాడు.

నోటీసు ఇచ్చాను. ఆ తర్వాత వారం వారం మధ్యాహ్నం ఆ దారినే నడిచాను. చెప్పులు లేవు. నాకు చాలా సంతోషమేసింది. చట్టం పనిచేస్తోందని మా ఆవిడకు కూడా చెప్పాను. చివరికి ఒకరోజు ఆ నిచ్చెన అమ్మాయే బస్టాపులో కనిపించి, "చెప్పులు లోపలెట్టుకోమన్నారు సార్," అంది. ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నోటీసుకు కూడా అంతే మర్యాద. అప్పటి నుంచి చెప్పులు కనబడితే ఆగేవాణ్ణి, కనబడకపోతే ఇంకాసేపు ఆగేవాణ్ణి.

తమ్ముడూ అనే యజమాని

ఇప్పుడు అసలు సంగతి. బాంబూఫ్లాట్‌లో గున్నయ్య అనే ఆయనకు, హార్బరు అవతలి ఒడ్డున, చేపల షెడ్డు ఉండేది. ఆయన బోట్లు ఆ ఒడ్డుకే వచ్చేవి. తెల్లారగానే ఆడవాళ్ళు చేపలు ఏరి, కడిగి, ఐసు వేసి ట్రేలకెత్తేవారు. ఆ ట్రేలతోనే ఫెర్రీ ఎక్కి హార్బరు దాటి చాథంలో దిగి, ఆటోలో జంగ్లీఘాట్ వెళ్ళేవారు. అక్కడ గున్నయ్యకు షాపు ఉంది. మధ్యాహ్నమంతా అక్కడ చేపలు కోసి అమ్మి, సాయంత్రం ఫెర్రీకి ఇంటికి తిరిగొచ్చేవారు.

గున్నయ్య చెడ్డవాడు కాదు. మా నాన్నా ఆయన నాన్నా శ్రీకాకుళం సముద్రం ఒడ్డు నుంచి ఒకే షిప్పులో వచ్చారు. ఇక్కడ అది చుట్టరికం కిందే లెక్క. ఒకే షిప్పు వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి జరిగితే ముందు పిలుపు, చావు జరిగితే ముందు భుజం. మామూలు రోజుల్లో నన్ను తమ్ముడూ అనేవాడు. నా చంకలో ఆఫీసు ఫైలు కనిపిస్తే సార్ అనేవాడు.

ఒకరోజు నేను వేరే పని మీద బాంబూఫ్లాట్ వెళ్ళి తిరిగి ఫెర్రీ ఎక్కాను. గున్నయ్య మనుషులు ట్రేలతో నిలబడి ఉన్నారు. ఫెర్రీ ఊగినప్పుడల్లా ట్రేలు జారకుండా మోకాళ్ళు అడ్డం పెడుతున్నారు. వయసులో చిన్నామె ఒకామె, పార్వతి అని తర్వాత తెలిసింది, నా పక్కనే ఉంది. ఆమె జాకెట్టు ముందంతా తడిసిపోయింది. నేను ప్రభుత్వోద్యోగిని కాబట్టి సలహా ఇచ్చాను.

"ట్రే కాస్త కింద పెట్టమ్మా. చేపల నీళ్ళు మీద పడుతున్నాయి."

ఆమె పమిట లాక్కుని తల దించుకుంది. పక్కనున్న పెద్దావిడ నూకమ్మ నా వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"అవి సేపల నీళ్ళు కావు బాబూ. పాలు. ఇంటికాడ ఐదో నెల పసిగుంట ఉంది. దానికి ఆకలేసే యేలకి ఈ ఫెర్రీ కదుల్తాది. అత్త పంచదార నీళ్ళు పడతాది. గుంట సిక్కిపోతంది."

"మధ్యలో ఆరామ్ ఇవ్వరా మీకు?"

నూకమ్మ మోకాలితో ట్రేని వెనక్కి నెట్టింది. "ఇదే గదేటి ఆరామ్," అంది.

చాథం వచ్చేదాకా నేను నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను. నాకు చాలా కోపం వచ్చింది, బాధ కూడా వేసింది. అప్పటికి మా పెద్దమ్మాయికి ఏడాది. మా ఇంట్లో పిల్ల ఏడిస్తే తల్లి రెండు గదులు దాటి వచ్చేది. ఈ తల్లి ఒక హార్బరు దాటాలి, అదీ ఎదురు దిక్కుకు.

సముద్రం గాలి

మర్నాడు ఫైలు పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. గున్నయ్య కుర్చీ తుడిచి వేశాడు.

"ఇంటర్వెల్ ఇత్తన్నాం గదా సార్. ఫెర్రీలో. సముద్రం గాలి! టూరిస్టులు ఇమానమెక్కి ఒచ్చి మరీ పీలుస్తన్నారు ఆ గాలి. ఈళ్ళకి రోజూ దొరుకుతంది."

"అప్పుడు ట్రేలు ఎవరు చూస్తారు?"

"ఆళ్ళే సూత్తారు."

"ఎవరికైనా నిద్ర పట్టి ఒక ట్రే నీళ్ళల్లో పడితే?"

"నిద్రెలా పడతాది సార్? పనిలో ఉండగా నిద్రేటి?"

అని, ఆగాడు. తనేమన్నాడో తనకే వినిపించింది. ఆ తర్వాత టీ తెప్పించాడు.

అమ్మాయీ, నా ఉద్యోగం మొత్తంలో నేను కనిపెట్టింది ఒకటే, రాసి పెట్టుకో. విశ్రాంతి అంటే, ఆ అరగంటలో ఏం పాడైనా ఆ మనిషిని ఎవరూ అడగకూడదు. అడిగే హక్కు ఎవరికైనా ఉందంటే అది పనే. కూర్చున్నా పనే, పడుకున్నా పనే, సముద్రం గాలి వీస్తున్నా పనే. మీ పుస్తకంలో ఇంత సులువుగా ఉండదు.

నేను ఆ రోజు షెడ్డులో ఆడవాళ్ళందరినీ నిలబెట్టి ఐదు గంటల సంగతి తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను. పాలిచ్చే తల్లి సంగతీ చెప్పాను. వాళ్ళు చేపలు ఏరుతూనే విన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని అనుకుంటూ ఫెర్రీ ఎక్కాను.

ఒంటిగంట అధికారి

అప్పట్లో నా పై అధికారి మెయిన్‌లాండు నుంచి కొత్తగా వచ్చాడు. నిజాయితీపరుడు. ఎవరి దగ్గరా కొబ్బరికాయ కూడా పుచ్చుకోలేదు. ఆయనకున్న లోపం ఒక్కటే, కాగితం మీద ఉన్నదాన్ని నమ్మేవాడు. ఇలాంటి అధికారులు మీకూ దొరుకుతారు. లంచగొండి కంటే వీళ్ళతో ఎక్కువ ఓపిక కావాలి.

గున్నయ్య కాగితాల ప్రకారం షెడ్డులో పని ఎనిమిదికి మొదలవుతుంది. మా అధికారి అవి చూసి, ఎనిమిదికి ఐదు కలిపి, ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా విశ్రాంతి అని ఉత్తర్వు రాశాడు. తెల్లారి ఐదున్నరకే పని మొదలవుతుందని చెప్పాను. "ఐదున్నరకు ఎవరు పనిచేస్తారయ్యా?" అన్నాడు. ఆ సమయానికి ఆయన నిద్రలో ఉంటాడు, కాబట్టి దేశమంతా నిద్రలో ఉంటుంది. పాలిచ్చే తల్లి సంగతి కూడా చెప్పాను. ఆమె దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలిద్దామన్నాడు. పైగా భోజనం దేశమంతటా ఒంటిగంటకే కదా అన్నాడు. గున్నయ్య కూడా బుద్ధిగా ఒప్పుకున్నాడు. జంగ్లీఘాట్ షాపు వెనకాల ఒక బెంచీ కూడా వేయించాడు.

ఉత్తర్వులో ఒక్క తప్పు లేదు. కాకపోతే ఒంటిగంటకు తల్లి జంగ్లీఘాట్‌లో ఉంటుంది, బిడ్డ బాంబూఫ్లాట్‌లో ఉంటుంది. నేను తనిఖీకి వెళ్ళినప్పుడు అందరూ బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. పార్వతి లేదు. గోడ చాటుకెళ్ళి పాలు పిండి పారబోసి వచ్చింది. మా శాఖ ఇచ్చిన అరగంటను ఆమె అలా వాడుకుంటోంది.

"నీకేం కావాలమ్మా?" అని అప్పుడు అడిగాను. ఈ ప్రశ్న అంతకు ముందు మాలో ఎవరూ అడగలేదు.

"నాకు ఈ కూకోడం వొద్దు సార్," అంది పార్వతి. అదే ఆమె గొంతు నేను మొదటిసారి వినడం. "ఫెర్రీ ఎక్కీ ముందు ఇంటికెల్లి ఒచ్చెత్తాను. ఇల్లు జెట్టీ ఎనకాలే."

నేను గున్నయ్యను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఫెర్రీ తప్పితే తర్వాతిది వచ్చేదాకా ఆగాలి, జంగ్లీఘాట్‌లో కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. "ఒక పని సేద్దాం తమ్ముడూ. పిల్ల పెద్దదయ్యాక రమ్మందాం పార్వతిని. అప్పుడు ఎవులికీ ఇబ్బంది ఉండదు," అన్నాడు.

"అలా మానిపించడం నేరం."

"మానిపిత్తన్నానని ఎవులన్నారు? ఇంటికాడుండి పిల్లని సూసుకోమంటన్నాను. ఇది పేమ."

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. అదే కష్టం. పార్వతి భర్త సముద్రం మీదికి వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. ఆమె పని పోతే ఆ ఇంట్లో పొయ్యి పిల్లి పడుకోవడానికే పనికొస్తుంది. పనిలో ఉంటే బిడ్డ చిక్కిపోతుంది. చట్టం రెండూ ఇస్తానంది, గున్నయ్యా నేనూ కలిసి ఏదో ఒకటి ఏరుకోమంటున్నాం. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. మా ఆవిడ కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని అడిగింది.

జెట్టీ మీద

తర్వాత జరిగినదానిలో నా ప్రమేయం లేదు. ఉందని చెప్పుకోవాలని చాలాసార్లు అనిపించింది.

మూడో రోజు గున్నయ్య మా ఆఫీసుకు వచ్చాడు. ఈసారి తమ్ముడూ అనలేదు, సార్ అనలేదు. నన్ను దాటుకుని సరాసరి పై అధికారి గదిలోకి వెళ్ళాడు. నన్ను కూడా పిలిచారు. సంభాషణ హిందీలో జరిగింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"సాబ్, నేను మీ ఆర్డరు పాటిస్తున్నాను. వాళ్ళు పాటించడం లేదు. మీరు ఒంటిగంటకు ఆరామ్ అన్నారు. వాళ్ళు జెట్టీ దాకా వచ్చి, ట్రేలు దించి, ఫెర్రీ ఎదురుగా కూర్చుండిపోతున్నారు. నూకమ్మ అన్నం డబ్బా విప్పుతుంది. పార్వతి ఇంటికి పోతుంది. అది తిరిగొచ్చేదాకా ఒక్కతీ లేవదు. కళ్ళముందే ఫెర్రీ వెళ్ళిపోతోంది సాబ్!"

అధికారికి కోపం వచ్చింది. తన ఉత్తర్వును ధిక్కరించడం ఆయనకు నచ్చదు. "ఎందుకలా చేస్తున్నారు? కారణం చెప్పారా?"

"ఐదు గంటలు అయిపోయాయంటున్నారు సాబ్. పొద్దున ఐదున్నరకు పనికి ఎక్కాం, పదిన్నర అయింది, ఇంక చెయ్యం అని—"

అధికారి కలం కింద పెట్టాడు.

"ఎన్నింటికి పనికి ఎక్కుతున్నారన్నారు?"

గున్నయ్య నా వైపు చూశాడు. మా నాన్నలు వచ్చిన షిప్పు గుర్తుచేసే చూపు అది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. తాను తీసిన గోతిలో తానే పడ్డవాణ్ణి పైకి లాగడం నా విధుల్లో లేదు.

కొత్త ఉత్తర్వు ఆ సాయంత్రమే టైపయింది. పని తెల్లారి మొదలైతే లెక్క కూడా తెల్లారి నుంచే. విశ్రాంతి బాంబూఫ్లాట్ ఒడ్డునే, ఫెర్రీ ఎక్కక ముందే. అప్పుడు ట్రేలు చూసే పూచీ గున్నయ్యది. పార్వతికి బిడ్డ కోసం రోజుకు రెండుసార్లు ఇవ్వాల్సిన సమయం విడిగా, ఒకసారి అరగంటకు కలిపి, ఇంకోసారి సాయంత్రం ఒక ఫెర్రీ ముందే ఇంటికి పంపి. పాత ఉత్తర్వు గురించి మా అధికారి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కాకపోతే ఆ తర్వాత ఏ కాగితం తెచ్చినా, "నువ్వు వెళ్ళి చూశావా?" అని అడిగేవాడు. నిజాయితీపరుడని ముందే చెప్పాను కదా.

చేపలకు ఏమైందని మీరు అడగవచ్చు. ఏమీ కాలేదు. ఐసు ఉంది. కొనేవాళ్ళు కాస్త ఆలస్యంగా రావడం నేర్చుకున్నారు. "ఒక ఫెర్రీ ఎనకాల ఎల్లినా సేప సేపే," అని కొన్నాళ్ళకు గున్నయ్యే నాకు చెప్పాడు, తనే కనిపెట్టినట్టు.

అయితే ఆయన లెక్క మర్చిపోయే మనిషి కాదు. పార్వతి కూతురికి పదిహేను నెలలు నిండాయని నాకు చెప్పింది ఆయనే. అప్పటికి ఆ పిల్ల బొద్దుగా ఉంది, జెట్టీ మీదికి నడిచొచ్చి ట్రేలో చెయ్యి పెడుతోంది. "ఇంక ఆపీయొచ్చు గదా తమ్ముడూ?" అన్నాడు.

"బిడ్డ కోసం ఇచ్చేది ఆపొచ్చు," అన్నాను. "అరగంట మాత్రం ఆగదు. అది పిల్ల వల్ల వచ్చింది కాదు. మనిషి వల్ల వచ్చింది."

"అంటే మనుషులు ఉన్నంతకాలం ఉంటాదన్నమాట," అన్నాడు, దిగులుగా.

ఇప్పుడు

గున్నయ్య పోయాడు. ఆచారం ప్రకారం ముందు భుజం నేనే పట్టాను, నిజంగానే ఏడ్చాను. షెడ్డు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. నూకమ్మ పోయింది. పార్వతి కుటుంబం ఎప్పుడో బాంబూఫ్లాట్ వదిలేసిందని విన్నాను.

మొన్న బాంబూఫ్లాట్‌లో ఉన్న మా తోడల్లుణ్ణి ఇటువైపు కంటి డాక్టరుకు చూపించడానికి అక్కడి జెట్టీకి తీసుకొచ్చాను. ఫెర్రీ బయల్దేరబోతోంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని గబగబా నడుస్తుంటే, పక్కన చాప మీద కూర్చున్న ఒక అమ్మాయి అన్నం కలుపుకుంటూ, "జల్దీ ఎందుకంకుల్? పెద్దాయన పడిపోతారు. పార్వతి ఫెర్రీలో ఎల్లండి," అంది. ఆమె చుట్టూ ఇంకో నలుగురు. అంతా వయసులో చిన్నవాళ్ళే. ట్రేలు దూరంగా నీడలో ఉన్నాయి, వాటి దగ్గర వేరే మనిషి కాపలా ఉన్నాడు. చెప్పులు చాప పక్కన విడిచి ఉన్నాయి.

ఆ పేరుతో ఫెర్రీ ఏదీ లేదు. నాకు తెలుసు, అయినా అడిగాను. "పార్వతి అంటే ఎవరమ్మా?"

"పతా నై అంకుల్," అంది ఆ అమ్మాయి. "మా ఆరామ్ అయినాక ఒచ్చే ఫెర్రీని అలాగే అంటారు. మా కన్నా ముందునుంచీ అంతే."

మేమిద్దరం ఎక్కాల్సిన ఫెర్రీ వెళ్ళిపోయింది. మా తోడల్లుడు నా మీద విసుక్కున్నాడు. ఆ అమ్మాయి చాప కొంచెం జరిపి చోటిచ్చింది. నేను చెప్పులు విడిచి కూర్చున్నాను.